భయం ఎవరిది, ఇల్లెవరిది?

(వికారాబాదులో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దెయ్యాల సినిమాల మీద మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకులు కొంచెం ఇబ్బంది పడ్డారు. కూలి రేట్లు, భూమి హక్కు, గృహహింస చట్టం అమలు, ఇన్ని విషయాలుండగా ఇదేమిటని మీలో కొందరికైనా అనిపిస్తూ వుండాలి. పైగా ఈ సినిమాల మీద మనకు ముందే ఒక తీర్పు సిద్ధంగా వుంటుంది. మూఢనమ్మకాలను పెంచుతాయి, అంతే. ఆ తీర్పు తప్పని నేను అనను. కానీ అక్కడితో ఆగిపోతే మనకు అందకుండా పోయేది ఒకటుంది. ఈ సినిమాల్లో దెయ్యం అబద్ధమని తీసేవాళ్లకూ తెలుసు. దెయ్యం తిరిగే చోటును మాత్రం అచ్చం నిజంలా చూపించటానికి వాళ్లు ఎంతో శ్రమపడతారు, డబ్బు ఖర్చు పెడతారు. ఇల్లు, బావి, చింతచెట్టు, శ్మశానం, వూరి చివరి గుడిసె. 'ఎంత సహజంగా తీశారో' అని మనం మెచ్చుకునేది కూడా ఆ చోటునే. ఆ సహజత్వం ఎవరి గుమ్మంలో నిలబడి చూస్తే కనిపించేది అన్నది ఇవాళ నా ప్రశ్న.

దీన్ని వికారాబాదులోనే అడగటానికి కారణముంది. మీరు బస్సులో దాటిపోయే అనంతగిరి గుట్టలు సినిమావాళ్లకు చాలా కాలంగా తెలిసిన చోటు. హైదరాబాదుకు డెబ్బై ఎనభై కిలోమీటర్లు. పొద్దున వ్యాన్లలో బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. అడవి కావాలన్నా, ఘాట్ రోడ్డు మలుపు కావాలన్నా, పొగమంచు కావాలన్నా ఇక్కడికి వస్తారు. మనకు అనంతగిరి అంటే అనంతపద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిన చోటు. పాతతరం ఆడవాళ్లను అడగండి, వాళ్లకు అనంతగిరి అంటే క్షయ ఆసుపత్రి. కోడలిని అనంతగిరికి పంపారన్న కబురు వినగానే పుట్టింటివాళ్లు శోకాలు పెట్టేవాళ్లని నాకు ఇక్కడే ఒక పెద్దామె చెప్పింది. రోగం నయమై వచ్చినా ఆమె తాగిన గ్లాసు వేరు, పడుకున్న చాప వేరు. ఒక గుట్టకు ఇంత భయాల చరిత్ర వుంది. ఆ చరిత్రను నేను ఏ సినిమాలోనూ చూడలేదు. మలుపులు మాత్రం చాలా సినిమాల్లో చూశాను.

2021లో వచ్చిన 'కొండపొలం' సంగతి తీసుకోండి. అది దెయ్యాల సినిమా కాదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి నవల ఆధారంగా క్రిష్ తీసింది. కరువులో గొర్రెలను తోలుకుని నల్లమల ఎక్కిన రాయలసీమ కాపరుల కథ. చిత్రీకరణ మాత్రం వికారాబాదు అడవుల్లో జరిగింది. కరోనా రోజులు, త్వరగా ముగించాలి, దగ్గర్లో అడవి వుంది. ఇందులో నేను తప్పుపట్టేదేమీ లేదు. అయినా ఒక సంగతి గమనించండి. అడవి ఇక్కడిది, పేరు నల్లమలది అయినప్పుడు ఇక్కడి మనుషులు తెర మీద కనిపించటానికి వీల్లేదు. కట్టెలమోపు ఎత్తుకుని గుట్ట దిగే లంబాడి స్త్రీ ఫ్రేములోకి వస్తే గుట్టు బయటపడుతుంది. సహజంగా కనిపించాలంటే సహజంగా అక్కడుండేవాళ్లను పక్కకు జరపాల్సి వస్తుంది. ఎండలో గొర్రెల వెంట తిరిగే ఓబులమ్మ పాత్రకు రకుల్ ప్రీత్ సింగ్ కావాల్సి వచ్చింది. అడవి అడవిలాగే వుండాలి, అందులోని ఆడది మాత్రం తార అయి వుండాలి. మన సినిమాల్లో వాస్తవికత ఎంత దూరం పోతుందో, ఎక్కడ ఆగుతుందో ఇక్కడే తెలిసిపోతుంది.

ఇక దెయ్యాల దగ్గరికి వస్తాను. రాంగోపాల్ వర్మ 1992లో తీసిన 'రాత్రి' అప్పట్లో కొత్తగా అనిపించింది. దెయ్యం పాడుబడిన కోట వదిలి మధ్యతరగతి ఇంట్లోకి, కాలేజీ అమ్మాయి ఒంట్లోకి వచ్చింది. 1996లో ఆయనే తీసిన 'దెయ్యం'లో శ్మశానం పక్కన ఫామ్‌హౌస్ కొనుక్కున్న కుటుంబం కష్టాల పాలవుతుంది. 2022 నాటి 'మసూద' హైదరాబాదులో కూతురితో ఒంటరిగా బతుకుతున్న ఒక టీచరమ్మ కథ. అపార్టుమెంటు, ఉద్యోగం, పక్క ఫ్లాటు కుర్రాడి సాయం, భర్త లేకుండా ఆడపిల్లను పెంచటంలోని అలసట, ఇవన్నీ నమ్మేటట్టు తీశారు. నాకు ఆ భాగం నిజంగా నచ్చింది. కానీ దెయ్యం ఎవరన్న దగ్గరికి వచ్చేసరికి ఆమె బురఖా వేసుకున్న ముస్లిం స్త్రీ అవుతుంది. దెయ్యాన్ని వదిలించే బాబా కూడా ముస్లిమే కదా అని మీరు అనొచ్చు. నిజమే. అయినా భయానికి ముఖం మాత్రం పక్క బస్తీ నుంచి తెచ్చుకున్నదే. తాండూరు బజారులో గోడకు గోడ కలిపి బతికేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

రెండేళ్ల కిందట తాండూరు దగ్గర నాపరాయి గనుల్లోనూ పాలిషింగ్ యూనిట్లలోనూ పనిచేసే ఆడవాళ్లతో కూర్చుని ఇలాంటి సినిమా ఒకటి టీవీలో చూశాను. ఏ సినిమా అన్నది ముఖ్యం కాదు. అన్నిట్లో వుండే దృశ్యమే. పెద్ద బంగళా, అర్ధరాత్రి, మేడమీద గదిలో చప్పుడు, కథానాయిక ఒంటరిగా మెట్లెక్కుతుంది. నేను కాస్త బిగుసుకుని కూర్చున్నాను. నా పక్కనున్నామె గట్టిగా నవ్వింది. 'గంత పెద్ద ఇంట్ల ఒక్కతే పంటదా? మా ఇంట్ల ఒక్కదాన్ని వుందామంటే జాగేడుందక్కా?' అంది. అందరూ నవ్వారు. ఒక గది, వంటకు చిన్న అర్ర, అందులో ఏడుగురు. ఖాళీ గదిలో చప్పుడు భయపెట్టాలంటే ముందు ఖాళీ గది వుండాలి కదా.

మరి మీకు ఎక్కడ భయమేస్తుంది అని అడిగాను. అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. రాయి తీసేసి వదిలిపెట్టిన గుంతల్లో వానలకు నీళ్లు నిలుస్తాయి. బట్టలుతకటానికి అక్కడికే పోతారు. అంచు ఎప్పుడు విరిగిపడుతుందో తెలియదు. పిల్లలు ఈతకని దిగుతారు, ఏ గుంతలో ఎవరి పిల్లవాడు పోయాడో వాళ్లకు వరసగా తెలుసు. చీకటి పడ్డాక లారీల రోడ్డు పక్కన బహిర్భూమికి కూర్చోవటం, లైటు పడగానే లేచి నిలబడటం. ఆఖరి బస్సు రాకపోతే యూనిట్ నుంచి నడిచొచ్చే దారి. హాజరు లెక్క చూసుకుందువు రమ్మని పిలిచే రేకుల షెడ్డు. ఈ షెడ్డు మాట వచ్చినప్పుడు ఇద్దరు తలవంచుకున్నారు, నేను ఇంకేమీ అడగలేదు. వాళ్ల భయాలన్నిటికీ చిరునామా వుంది. ఫలానా గుంత, ఫలానా మలుపు, ఫలానా మనిషి. ఒక్కదాని మీదా సినిమా రాలేదు.

'దెయ్యం' సినిమాలోని ఫామ్‌హౌస్‌ను ఇక్కడి నేల మీద పెట్టి చూడండి. ఇప్పుడు వికారాబాదు చుట్టుపక్కల ఫామ్‌హౌసులకూ రిసార్టులకూ కొదవ లేదు. సినిమాలో శ్మశానం అనగానే మనం కొనుక్కున్నవాళ్ల వైపు నుంచి భయపడతాం. పాపం, తెలియక కొన్నారు అనుకుంటాం. ఆ శ్మశానం ఏ వాడ వాళ్లది? ఆ భూమి ఎవరు అమ్ముకున్నారు, ఏ అప్పు కింద? ప్రహరీ లేచాక శవాన్ని ఏ దారిన తీసుకుపోతున్నారు? ఈ ప్రశ్నలు వేసినవాళ్లు కథలో ఎవరూ వుండరు. తమ పెద్దల సమాధులు వేరేవాళ్ల కంచె లోపల పడిపోయినవాళ్ల భయం గురించి, దుఃఖం గురించి ఎవరైనా సినిమా తీస్తే నేను టికెట్టు కొని మొదటి ఆట చూస్తాను.

పాత ఇళ్ల విషయంలో మన సినిమా రెండు రకాలుగా నడిచింది. బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి'లో నిజాం కాలపు దొర గడి వుంటుంది. అందులో దెయ్యం లేదు. మందపాటి గోడలు, నీడలు, నీళ్లు తోడే చప్పుడు, పిలిస్తే పలకాల్సిన కమలాక్షి. దొర వల్ల కడుపైతే తీయించుకోమని వాళ్లే ఆజ్ఞ ఇస్తారు. ఆ పాత్రకు అర్చనకు జాతీయ అవార్డు వచ్చింది. నా దృష్టిలో తెలుగులో వచ్చిన అతి భయంకరమైన ఇల్లు అదే. 2009లో కోడి రామకృష్ణ 'అరుంధతి' వచ్చింది. కథ గద్వాల సంస్థానానిది, చిత్రీకరించిన కోట బనగానపల్లెలోని నవాబుల బంగళా. ఒక స్త్రీని అంత శక్తితో నిలబెట్టిన సినిమా కాబట్టి మన అమ్మాయిలు జేజెమ్మను ఇష్టపడ్డారు, అది నాకు అర్థమవుతుంది. అయితే ఆ శక్తి ఎక్కడిది? సంస్థానపు రక్తానిది. జనం చేతులు జోడించి నిలబడతారు, ఆమె కాపాడుతుంది. 'దాసి'లో ఏ గోడల మధ్య ఊపిరాడలేదో ఆ గోడలే ఇక్కడ కాపాడుకోవాల్సిన వైభవం అయ్యాయి. గడిలో వెట్టి చేసిన ఆడవాళ్లు దెయ్యాలుగానైనా తిరిగి రాలేదు. (2005 నాటి 'చంద్రముఖి'లో రాజు చంపించిన నాట్యకత్తె తిరిగొస్తుంది గానీ, ఆమె కోపాన్ని చివరికి ఇంకో స్త్రీ మనసుకు పట్టిన జబ్బుగా తేల్చి వైద్యం చేస్తారు. అది వేరే రోజు మాట్లాడుకోవాల్సిన విషయం.)

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, అంటే వూరికి. ఈ అయిదారేళ్లలో దెయ్యాల కథ బంగళా వదిలి పల్లెకు వచ్చింది. 2021లో 'మా ఊరి పొలిమేర', 2023లో దాని రెండో భాగం, అదే ఏడు 'విరూపాక్ష'. చేతబడి చుట్టూ తిరిగే కథలు. 'పొలిమేర' అన్న మాటలోనే భయం వుందని ప్రచారం చేసుకున్నట్టుంది. పొలిమేరలో దెయ్యాలుంటాయో లేదో గానీ మాల మాదిగ వాడలు వుంటాయి, ఇక్కడైతే తండాలు వుంటాయి. 'విరూపాక్ష' 1979లో మొదలవుతుంది. పిల్లల చావులకు కారణమని అనుమానించి ఒక జంటను వూరి జనం సజీవంగా తగలబెడతారు. ఆ దృశ్యం చూస్తుంటే ఇది జనం చేసిన హత్య మీద సినిమా అవుతుందేమోనని నాకు ఆశ కలిగింది. పన్నెండేళ్ల తర్వాత చావులు మళ్లీ మొదలవుతాయి. చివరికి వాటిని చేయిస్తున్నది ఆ జంట కూతురేనని, క్షుద్రశక్తితోనేనని తేలుతుంది. అంటే తగలబెట్టటం ఘోరమే, కానీ చేతబడి నిజమే. ఇంతకంటే ప్రమాదకరమైన ముగింపు నాకు తోచటం లేదు. తగలబెట్టినవాళ్లు కోరుకునేది కూడా ఆ రెండో వాక్యమే.

ఇది మనకు ఎందుకు ముఖ్యమో మీకు తెలుసు. మెదక్ మొదలుకుని జహీరాబాదు, తాండూరు, ఆ పక్క గుల్బర్గా, బీదర్ దాకా బాణామతి అన్న మాట పలికితే వూరు గొంతు తగ్గించుకుంటుంది. 1980లలో మెదక్ జిల్లాలో ఆ భయం పాకినప్పుడు డాక్టర్లు, మానసిక నిపుణులు, హేతువాదులు వూళ్లు తిరగాల్సి వచ్చింది. అయినా మెదక్ జిల్లాలోనే 2024 అక్టోబరులో మంత్రాలు చేస్తోందన్న నెపంతో ఒక స్త్రీని తగలబెట్టారు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద ఈ కారణం కింద నమోదైన హత్యలు 85. చంపకుండా వూరు విడిపించినవి ఆ లెక్కల్లో వుండవు.

అలాంటి ఒకామె గురించి చెప్తాను. తాండూరుకు దూరంగా కర్ణాటక సరిహద్దు వైపు వున్న వూరు, పేరు చెప్పను. యాభై దాటిన వితంతువు, బీసీ. భర్త పేరున రెండెకరాల కంది చేను. ఇల్లు వరస చివర్లో, చింతచెట్టు కింద. ఎదుటి స్తంభానికి బల్బు కాలిపోయి నెలలు. ఆమె పసరు వైద్యం చేసేది, పసిరికలకు ఆకు ఇచ్చేది. ఒక వానకాలం ముగ్గురు పిల్లలకు జ్వరాలొచ్చాయి, ఒక పాప చనిపోయింది. మిగిలిన ఇద్దరికి పరీక్ష చేయిస్తే డెంగీ అని తేలింది. సంఘం ఆడవాళ్లు ఆ కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. కాగితాన్ని ఎవరూ నమ్మలేదు. ఆమె ఇంట్లోకి జొరబడి వెతికితే ఎండిన నిమ్మకాయలు, పసుపు కొమ్ములు, మసిబారిన కుండలు, చూరులో చెక్కిన వెంట్రుకల ముద్ద దొరికాయి. ఆ ముద్ద దగ్గర అందరూ ఆగిపోయారు. అక్కలారా, మనలో పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా చెప్పగలరు చూరులో వెంట్రుకలు ఎందుకు దాస్తారో. వెంట్రుకలు కొనేవాడు సైకిలు మీద వస్తాడు, ముద్ద ఇస్తే స్టీలు గిన్నె ఇస్తాడు. ఆ వూళ్లో ప్రతి ఇంటి చూరులోనూ వుంది ఆ ముద్ద. డిగ్రీ చదివే కుర్రాడు ఒకడు మా ముందే అన్నాడు: 'సిన్మల సేమ్ గిట్లనే చూపెట్టిన్రక్కా.'

ఆ సినిమావల్లే ఇదంతా జరిగిందని నేను చెప్పటం లేదు. ఈ నింద సినిమా కంటే చాలా పాతది. రెండెకరాల మీద మరిది కొడుకుల కన్ను అంతకంటే పాతది. సినిమా చేసింది ఇంకొకటి. పేద ముసలామె ఇంట్లో రోజువారీ వుండే సామానునే ఏరి, పసుపు లైటు వేసి, దగ్గరగా చూపించి, సాక్ష్యంగా మార్చింది. ఆర్ట్ డైరెక్టరు ఎంత బాగా పనిచేస్తే ఆ సాక్ష్యానికి అంత బలం. గుడిసె ఉత్త సెట్టింగులా, రంగు అట్టలా వుండే పాత జానపద సినిమాల్లో మంత్రగత్తెను చూసి ఎవరూ పక్కింటామెను అనుమానించలేదు. ఇల్లు పక్కింటిలాగే వుంటే చూపు అటే పోతుంది. అందుకే ఈ సహజత్వాన్ని మెచ్చుకునేటప్పుడు నాకు చెయ్యి రాదు. ఇంటి సామాను చూపించినంత శ్రద్ధగా ఆ రెండెకరాల పాసుబుక్కు చూపించి వుంటే, ఆరోగ్య కేంద్రం ఎన్ని మైళ్లో చూపించి వుంటే, కథ ఇంకోలా నడిచేది. ఆమె ఇప్పుడు హైదరాబాదులో ఒక అపార్టుమెంటు సెల్లారులో వుంటోంది, వంటపని చేస్తోంది. చేను మరిది కొడుకులు దున్నుతున్నారు.

ఆమె తరఫున పోలీసు స్టేషనుకు పోయినప్పుడు ఏ సెక్షను కింద రాయాలమ్మా అని మమ్మల్నే అడిగారు. కాబట్టి కార్యకర్తలు కొన్ని విషయాలు గుర్తుపెట్టుకోవాలి. బాధితురాలు దళిత లేదా ఆదివాసి స్త్రీ అయితే, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో సెక్షన్ 3(1)(జెడ్‌బి) వుంది. మంత్రాలు చేస్తోందన్న నిందతో శారీరకంగా గానీ మానసికంగా గానీ బాధపెట్టటం దాని కింద నేరం. తండాల్లో పనిచేసేవాళ్లు ఈ నెంబరు రాసిపెట్టుకోండి, స్టేషనులో చాలామందికి తెలియదు. మిగతా స్త్రీలకు బెదిరింపు, దాడి, ఇంట్లోకి జొరబడటం లాంటి మామూలు సెక్షన్లే దిక్కు. బీహారు 1999లోనే ప్రత్యేక చట్టం చేసింది. తర్వాత జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ చేశాయి. మహారాష్ట్రలో 2013 ఆగస్టులో నరేంద్ర దభోల్కర్‌ను కాల్చి చంపాక గానీ ఆర్డినెన్సు రాలేదు. కర్ణాటక 2017లో చట్టం చేసింది. అంటే తాండూరు దాటి చించోళి, సేడం వైపు పోతే చట్టం వుంది, ఇటు మనకు ప్రత్యేక చట్టం లేదు. పెళ్లి సంబంధాలు, కూలిపనులు, సంతలు అన్నీ సరిహద్దుకు అటూ ఇటూ నడుస్తూనే వుంటాయి. నింద కూడా నడుస్తుంది.

ఈ సినిమాలను నిషేధించమని అడుగుదామా అని నిన్న ఒకరు నన్నడిగారు. నేను ఒప్పుకోను. సెన్సారు కత్తెర చేతికిస్తే అది ముందు 'దాసి' లాంటి వాటి మీదే పడుతుంది. కథానాయకుడు సిగరెట్టు వెలిగిస్తే తెర మూలన హెచ్చరిక వెయ్యాలన్న నియమం 2012 నుంచి అమల్లో వుంది. ఆడమనిషిని మంత్రగత్తె అని కట్టేసి కొడుతున్నప్పుడు ఇది నేరం, ఫలానా సెక్షన్ అని ఒక వరస వేస్తే నష్టమేమిటి? అడగాలి. దాంతో అంతా మారిపోతుందని నేను అనుకోవటం లేదు, హెచ్చరిక చూస్తూ సిగరెట్టు తాగేవాళ్లను రోజూ చూస్తున్నాం. మన వల్ల అయ్యే పని ఇంకొకటి వుంది. ఈ సినిమాలు మన సంఘాల ఆడవాళ్లు ఎలాగూ చూస్తున్నారు, ఫోన్లలో, టీవీల్లో. వాళ్లతో కూర్చుని చూడండి. దెయ్యం వుందా లేదా అన్న వాదన పెట్టకండి, అందులో మనం ఎప్పుడూ గెలవలేదు. ఈ ఇల్లు ఎవరిది, ఇక్కడ ఎవరు వూడుస్తున్నారు, ఆ బావి ఎవరికి, చూరులో ఏముంది అని అడగండి. బండల గనుల ఆడవాళ్లకు ఈ ప్రశ్నలు నేను నేర్పలేదు. ఆ నవ్వు వాళ్లదే.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఇదే హాల్లో 'దాసి' వేస్తారు. అది చూస్తున్నప్పుడు తలుపులను గమనించండి, ఏ తలుపు ఎవరి కోసం తెరుచుకుంటుందో. ఈలోగా తాండూరు నుంచి వచ్చిన అక్కలు గుంతలకు కంచె వేయించటానికి కలెక్టరాఫీసులో ఇచ్చిన అర్జీ ఏమైందో చెప్తామన్నారు. మైకు వాళ్లకిస్తున్నాను.